ఎవరి చేయి ఎవరి నడుం మీద

పాత ఫొటోల్లో నాట్యం చేసే జంటలు కనబడితే నా చూపు మొహాల మీదికి పోదు, ముందు చేతుల మీదికి పోతుంది. ఎవరి చేయి ఎవరి నడుం మీద ఉంది, ఎవరి అరచేయి ఎవరి అరచేతిలో ఇమిడింది, వేళ్ళు బిగుసుకున్నాయా, వదులుగా ఉన్నాయా? మొహం కెమెరా కోసం సర్దుకుంటుంది. చేతికి ఆ తెలివి తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో తీసిన టాంగో ఫొటోల్లో ఆ చేతులు చాలాసార్లు ఇద్దరు మగవాళ్ళవి. ముదురు రంగు కోట్లు, నెత్తిన టోపీలు. టోపీ అయినా తియ్యకుండా ఒకరినొకరు పట్టుకుని, మోకాళ్ళు కాస్త వంచి, అడుగులో అడుగు కలిపి నిలబడ్డారు. 1903లో అక్కడి వారపత్రిక ‘కారాస్ ఇ కారేతాస్’ టాంగో అడుగులు ఎలా ఉంటాయో పాఠకులకు చూపిస్తూ వేసిన ఫొటోల్లోనూ ఇద్దరు మగవాళ్ళే.

మనకు టాంగో అంటే సినిమాలు నేర్పిన బొమ్మ ఒకటి ఉంది. ఎర్రగౌను వేసుకున్న ఆమె, నల్లసూటు వేసుకున్న అతను, మధ్యలో ఒక గులాబీ. ఆ బొమ్మ తర్వాత వచ్చింది. అంతకుముందు ఈ టోపీలవాళ్ళున్నారు. వాళ్ళను చూడగానే జనం వెంటనే ఒక కారణం చెబుతారు: అప్పట్లో ఆ ఊళ్ళో ఆడవాళ్ళు తక్కువ, అందుకని మగవాళ్ళు మగవాళ్ళతో ఆడుకున్నారు, అంతే. ఆ చివరి ‘అంతే’ దగ్గరే నా మనసు ఆగుతుంది.

కారణంలో నిజం లేకపోలేదు. 1869 జనాభా లెక్కల నాటికి రెండు లక్షలు కూడా లేని ఊరు, 1914కల్లా పదిహేను లక్షలు దాటింది. ఆ పదిహేను లక్షల్లో దాదాపు సగం మంది పరాయి దేశంలో పుట్టినవాళ్ళే. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళలో పడుచు మగవాళ్ళదే పెద్ద వాటా. రేవులో మూటలు మోసి, కట్టుబడి పనుల్లో ఇటుకలెత్తి, రాత్రికి ‘కొన్‌వెంతీజో’ అనే లోగిళ్ళకు చేరేవాళ్ళు. నడుమ ఒక వాకిలి, చుట్టూ గదులు, గదికి ఎంతమంది పడితే అంతమంది. ఆ వాకిళ్ళలో, వీధి మూలల్లో, మీట తిప్పితే పాడే ఆర్గన్ పెట్టె ముందు టాంగో పెరిగింది.

అక్కడే పుట్టి పెరిగిన రచయిత బోర్హెస్ ఇంకో కారణం రాశాడు. చిన్నప్పుడు పలెర్మో పేటలో, ఆ తర్వాత వేరే పేటల్లో, వీధి మలుపుల దగ్గర మగజంటలు టాంగో ఆడడం తాను కళ్ళారా చూశానంటాడు. చెడు పేరున్న ఇళ్ళ నుంచి వచ్చిన నాట్యంలో అడుగు పెట్టడానికి పేటలోని సంసార స్త్రీలు ఇష్టపడలేదట. ఈ మాటకూ మొదటి మాటకూ తేడా ఉంది. ఆడవాళ్ళు లేకపోవడం వేరు, ఉండీ రాకపోవడం వేరు. మూడో కారణం పాత నాట్యకారుల నోట వినబడుతుంది: అది సాధన. చూడటానికి వచ్చిన అమ్మాయి ముందు అడుగు తడబడకూడదు కదా, అందుకని ముందుగా తోటి మగవాడితో అలవాటు చేసుకునేవాళ్ళు.

ఈ మూడో కారణమే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. 1940ల నాటికి ఆ సాధనకు ఒక పద్ధతి కుదిరింది. దాన్ని ‘ప్రాక్టికా’ అనేవాళ్ళు. పేటలో ఏ క్లబ్బులోనో సాయంత్రాలు మగవాళ్ళు మాత్రమే చేరేవాళ్ళు. కొత్తగా వచ్చిన కుర్రాడికి నడిపించడం నేర్పేవాళ్ళు కాదు. ముందు వెంబడించడం నేర్చుకోవాలి. అంటే సాధారణంగా ఆడమనిషి వేసే అడుగులన్నీ ముందు వాడు వెయ్యాలి. ఇంకొక మగవాడి చేతుల్లో ఒదిగి, వెనక్కి నడుస్తూ, అతని ఛాతీ ఎటు తిరిగితే అటు తిరగాలి. ఇలా నెలలు గడిచాక, వీడికి వెంబడించడం వచ్చిందని పెద్దవాళ్ళకు తోచాక, అప్పుడు నడిపించడం మొదలు. అటుపైన ఎప్పుడో ఒకరోజు ఎవరో పెద్దాయన వాణ్ణి మిలోంగాకు, అంటే ఆడామగా కలిసి టాంగో ఆడే కూటానికి, వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.

మగవాడు నడిపిస్తాడు, ఆడది నడుస్తుంది అని టాంగో గురించి లోకమంతా చెప్పుకుంటుంది. పౌరుషానికి ఆ నాట్యాన్ని గుర్తుగా చూపిస్తారు. కానీ ఆ నడిపించే దేహంలో కొన్ని నెలల పాటు నడిపించబడిన జ్ఞాపకం ఉంది. ఇంకొకరి మీద భారం వేసి, కళ్ళు మూసుకుని వెనక్కి అడుగు వెయ్యడం ఎంత కష్టమో ఆ మగవాడికి తెలుసు, తాను వేశాడు కాబట్టి. ఆమె బరువు ఏ కాలి మీద ఉందో అతనికి తెలియడానికి కారణం, ఒకప్పుడు తన బరువును ఇంకొకడు అలా కనిపెట్టుకుని ఉండడమే. ఇంత లోతైన విషయాన్ని ‘ఆడవాళ్ళు తక్కువ, అంతే’ అని తోసెయ్యడం నాకు మనస్కరించదు.

పైగా, కారణం తెలిస్తే ఆ పని ఎందుకు మొదలైందో తెలుస్తుంది గాని, చేస్తున్నప్పుడు మనిషికి ఏమనిపించిందో తెలియదు. జెనోవా రేవులో తల్లిని వదిలి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉన్నాడనుకుందాం. పొద్దుటి నుంచి రాత్రి దాకా వాణ్ణి తోసేవాళ్ళే గాని ప్రేమగా ముట్టుకున్నవాళ్ళు లేరు. ఆదివారం సాయంత్రం పాట మొదలైంది, ఎవరో చెయ్యి చాపారు, ఆ మూడు నిమిషాలూ ఒక మనిషి వెచ్చదనం వాడికి ఆనుకుని ఉంది. అది సాధన కావచ్చు, స్నేహం కావచ్చు, పేరు పెట్టని ప్రేమా కావచ్చు. అదే పాటలో ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి కావచ్చు.

మగవాణ్ణి ప్రేమించే మగవాళ్ళు ఆ ఊళ్ళో లేరా అంటే, ఉన్నారు. ఎలా తెలిసిందంటే, వాళ్ళను రోగులుగా రాసిపెట్టుకున్నారు. ఫ్రాన్సిస్కో దె వెయ్‌గా అనే సైనిక వైద్యుడు సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, హోసే ఇంగెనియెరోస్ 1902లో మొదలుపెట్టిన మనోవైద్య, నేరశాస్త్ర పత్రికలో, బ్యూనస్ ఎయిర్స్‌లోని అలాంటి మనుషుల గురించి వరసగా వ్యాసాలు రాశాడు. ఒకే ఊరు, ఒకే కాలం. ఒక పత్రిక ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని ఆడడాన్ని వేడుకగా అచ్చువేసింది. ఇంకో పత్రిక అలా పట్టుకున్న చేతుల వెనుక ప్రేమ ఉంటే దాన్ని జబ్బుగా, నేరానికి దగ్గరి బంధువుగా రాసింది. వీధిలో ఆడుకున్న ఆ మనుషులు ఈ రెండింటి మధ్య ఏ సందులో బతికారో! నవ్వుతూ ఆడితే ఎవరూ ఏమీ అనరు. పాట ఆగాక చెయ్యి వదలకపోతే?

మన ఊళ్ళలో ఇద్దరు స్నేహితులు భుజాల మీద చేతులేసుకునో, చిటికెన వేళ్ళు పట్టుకునో బజారంతా తిరిగితే ఎవరూ తలతిప్పి చూడరు. అదే దృశ్యాన్ని వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని వేరే అర్థం చెప్పుకుంటారు. వాళ్ళు అనుకున్నది తప్పని మనం గట్టిగా చెప్పేస్తాం. అలా చెప్పేటప్పుడు, ఆ వేళ్ళు పట్టుకున్నవాళ్ళలో ఎవరికో ఒకరికి అది నిజంగా ప్రేమే అయ్యుండవచ్చన్న ఆలోచన మనకూ రాదు. ఆ ఒక్కరు ఆ ఫొటోలో మౌనంగా ఉండిపోతారు.

సినిమా పుట్టిన గదిలో కూడా ఇలాంటి జంట ఉంది. అది టాంగో కాదు, అయినా వదిలిపెట్టలేను. 1894 చివర్లోనో 1895 మొదట్లోనో, అమెరికాలోని న్యూజెర్సీలో, ఎడిసన్ కంపెనీ ‘బ్లాక్ మరియా’ స్టూడియోలో తీసిన పదిహేడు సెకన్ల ముక్క. ఎడమపక్క శబ్దాన్ని పట్టే పెద్ద కొమ్ము. దాని ముందు డిక్సన్ నిలబడి వయొలిన్ వాయిస్తుంటాడు. ఎడిసన్ దగ్గర ఈ కదిలే బొమ్మల యంత్రం మీద పనిచేసిన మనిషి అతనే. కుడిపక్కన ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని మెల్లగా తిరుగుతుంటారు. బొమ్మనూ శబ్దాన్నీ కలపాలన్న తొలి ప్రయత్నం అది. రాగానికి తగినట్టు కాలు కదిలితేనే కదా రెండూ కలిసినట్టు తెలిసేది, అందుకే నాట్యం కావలసి వచ్చిందనుకుంటాను. శబ్దం ఎక్కించిన మైనపు సిలిండర్ విరిగిపోయి, బొమ్మకు దూరమై, శతాబ్దం పాటు ఉండిపోయింది. దాన్ని 1998లో అతికించి ధ్వనిని బయటికి తీశారు. 2000లో సినిమా ఎడిటర్ వాల్టర్ మర్చ్ రాగాన్నీ అడుగులనూ మళ్ళీ కలిపాడు. నూరేళ్ళకు పైగా ఆ ఇద్దరూ పాట లేకుండానే ఆడారు.

ఈ ముక్కను గురించి వీటో రుస్సో 1981లో, ‘ది సెల్యులాయిడ్ క్లోజెట్’ పుస్తకంలో రాశాడు. హాలీవుడ్ స్వలింగ ప్రేమికులను ఎలా చూపించిందో, ఎలా దాచిందో వెతికిన పుస్తకం అది. అందులో ఈ ముక్కకు ‘ది గే బ్రదర్స్’ అని పేరు వేశాడు. డిక్సన్ అలాంటి పేరు పెట్టాడనడానికి ఆధారం లేదని తర్వాతి చరిత్రకారులు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ మాట సరైనదే. ఆ ఇద్దరూ బహుశా ఎడిసన్ కొలువులో పనివాళ్ళు. యజమాని ఆడమంటే ఆడి ఉంటారు. లేని ప్రేమను అంటగట్టడం వాళ్ళకు న్యాయం కాదు. కానీ రుస్సో ఎందుకు అంత ఆశగా చూశాడో నాకు అర్థమవుతుంది. తనలాంటివాళ్ళు నవ్వులాటగానో, శవంగానో తప్ప తెర మీద కనబడని కాలంలో పెరిగిన మనిషి, సినిమా తొలి నిమిషాల్లోనే ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు మర్యాదగా, మెత్తగా పట్టుకుని ఉండడం చూశాడు. ఎగతాళి లేదు, శిక్ష లేదు. అంతసేపు చూసి ఉండకూడదని అతన్ని ఎలా అంటాం?

ఆడవాళ్ళ సంగతికి వచ్చేసరికి ‘తక్కువ’ అన్న వాదం నిలబడదు. 1892లో చిత్రకారుడు తులూజ్ లోత్రెక్ పారిస్‌లోని మూలాఁ రూజ్ నాట్యశాలలో ఇద్దరు ఆడవాళ్ళు వాల్ట్జ్ ఆడుతుండగా బొమ్మ గీశాడు. ఆ బొమ్మ ఇప్పుడు ప్రాగ్‌లో ఉంది. పారిస్‌లో మగవాళ్ళకు కొదవ వచ్చి వాళ్ళు అలా ఆడలేదు. 1913 నాటికి టాంగో పారిస్, లండన్, న్యూయార్క్ నగరాలను ఊపేసింది. జర్మనీ చక్రవర్తి యూనిఫాంలో ఉన్న అధికారులు దాన్ని ఆడకూడదన్నాడు, 1914 జనవరిలో పారిస్ ఆర్చ్‌బిషప్ దాన్ని ఖండించాడు. ఆ ఊపులోనే యూరప్‌లో టాంగో పోస్టుకార్డులు అచ్చయ్యాయి. రంగుతెర ముందు ఇద్దరు అమ్మాయిలు, కొన్నిట్లో ఒకరికి మగవేషం. మగవాళ్ళు కొని దాచుకోవడానికి చేసిన సరుకు అది, సందేహం లేదు. అయినా బొమ్మ మీద హక్కు కొన్నవాడి ఒక్కడిదే కాదు. ఆ కార్డు ఏ కూతురి చేతికో, ఏ పనిమనిషి చేతికో చిక్కినప్పుడు ఆమె అందులో ఏం చూసుకుందో అచ్చువేసినవాడికి తెలియదు.

1914లోనే అమెరికాలో ‘ఎ ఫ్లోరిడా ఎన్చాంట్‌మెంట్’ అని ఒక సినిమా వచ్చింది. మాయ గింజ మింగిన అమ్మాయికి లోపల మగ స్వభావం మేలుకుంటుంది. విందులో మగవాళ్ళను పక్కనపెట్టి అమ్మాయిలతోనే ఆడుతుంది. తెల్ల నటులు మొహానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళ పాత్రలు వేసిన సినిమా కాబట్టి ఇప్పుడు చూడడం బాధే. అయినా ఆ విందు ఘట్టంలో ఆ అమ్మాయిల మొహాల్లో ఉన్న హుషారు మాత్రం కల్లకాదు.

ఈ వరసలో నన్ను అన్నిటికంటే లోతుగా తాకింది 1929 నాటి జర్మన్ మూగచిత్రం ‘పండోరాస్ బాక్స్’. పాబ్స్ట్ దర్శకత్వం. లులు పెళ్ళి విందు జరుగుతోంది. లులుగా లూయీస్ బ్రూక్స్, తెల్లటి పెళ్ళిగౌనులో. ఆమెను ప్రేమిస్తున్న కౌంటెస్ గెష్విట్జ్‌గా బెల్జియం నటి అలీస్ రాబర్ట్స్. ఇద్దరూ దగ్గరగా హత్తుకుని టాంగో ఆడతారు. లులుకు అది ఆట. కౌంటెస్‌కు అది ప్రాణం. మధ్యలో పెళ్ళికొడుకు వచ్చి భార్యను తీసుకుపోతాడు, కౌంటెస్ చూపు ఆ ఇద్దరినీ విడవదు.

ఆ రోజు సెట్టులో జరిగినదాన్ని లూయీస్ బ్రూక్స్ చాలా ఏళ్ళ తర్వాత రాసింది. అలీస్ రాబర్ట్స్ హుందాగా తయారై వచ్చిందట. పాబ్స్ట్ ఘట్టం వివరించేసరికి, ఒక ఆడదాన్ని కావలించుకుని ప్రేమగా చూడాలని అర్థమయ్యేసరికి, ఆమె చేతులు వణికాయట. పాబ్స్ట్ ఆమెను పక్కకు తీసుకుపోయి మాట్లాడి, ఒప్పించి తీసుకొచ్చాడు. ఆ తర్వాత కెమెరా పక్కనే నిలబడి, ఆ ప్రేమచూపులేవో తానే చూస్తూ పోయాడు. ఆమె లులు భుజం మీదుగా పాబ్స్ట్‌ను చూస్తూ నటించింది. అంటే తెర మీద ఒక స్త్రీ మరో స్త్రీని చూసిన ఆ దహించే చూపు నిజానికి ఒక మగవాడి వైపు పోయినది.

ఈ సంగతి చదివిన మొదట్లో నాకు ఏదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. తర్వాత మళ్ళీ ఆ ఘట్టం చూశాను. ఏమీ పోలేదు. కౌంటెస్ చూపులోని వేదన అంతే ఉంది. నటి ఎవరిని చూసిందో తెలిసినా, పాత్ర ఎవరిని ప్రేమించిందో మారదు. ఆ ఏడాది బెర్లిన్‌లోనో, ఇంకెక్కడో చీకటి హాలులో కూర్చుని, తన మనసు తెర మీద మొదటిసారి చూసుకున్న స్త్రీకి పాబ్స్ట్ ఎక్కడ నిలబడ్డాడన్నదానితో పనిలేదు. కొన్ని దేశాల సెన్సార్లు మాత్రం కౌంటెస్‌ను కత్తిరించి అవతల పారేశాయి. వాళ్ళకు ఆ చూపు స్పష్టంగానే అర్థమైందన్నమాట.

బొమ్మ బతకడం కూడా అదృష్టమే. బెర్లిన్‌లో ‘ఎల్డొరాడో’ అనే నాట్యశాలలో ఆడవాళ్ళు ఆడవాళ్ళతో, మగవాళ్ళు మగవాళ్ళతో బాహాటంగా ఆడేవారు. ఓటో డిక్స్ 1927లో దాన్ని చిత్రించాడు కూడా. 1933 వచ్చేసరికి ఆ భవనం గోడల మీద స్వస్తిక గుర్తులు వేలాడాయి. ఆ ఏడాది మే నెలలో నాజీలు హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు స్థాపించిన లైంగిక విజ్ఞాన సంస్థ మీద పడి, దాని పుస్తకాలను బహిరంగంగా తగలబెట్టారు. ఆ మంటల్లో ఎన్ని ఫొటోలు కాలాయో! పారిస్‌లో ఫొటోగ్రాఫర్ బ్రసాయి 1930ల మొదట్లో ఆడజంటలనూ మగజంటలనూ వాళ్ళ నాట్యశాలల్లోనే ఫొటోలు తీశాడు. అతని ‘పారిస్ ద నుయీ’ పుస్తకంలో వాటికి చోటు దొరకలేదు. అవి పుస్తకంగా వచ్చింది 1976లో. నలభై ఏళ్ళకు పైగా ఆ జంటలు పెట్టెలో ఆడుతూనే ఉన్నారు.

హాలీవుడ్ తలుపులు కూడా ఆ రోజుల్లోనే మూశారు. 1934 మార్చిలో వచ్చిన ‘వండర్ బార్’లో ఒక యువకుడు ఆడుతున్న జంట దగ్గరికి వచ్చి అనుమతి అడుగుతాడు. తనకోసమే అనుకుని ఆమె సరేనంటుంది. అతను మాత్రం ఆమె పక్కనున్న మగవాణ్ణి పట్టుకుని వెళ్ళిపోతాడు. నటుడు అల్ జోల్సన్ ఒక చమత్కారం విసురుతాడు, ముక్క అయిపోతుంది. ఆ జూలై నుంచి సినిమాల నీతి నియమావళిని కచ్చితంగా అమలు చెయ్యడంతో ఆ పాటి నవ్వులాటకు కూడా చోటు లేకుండా పోయింది. అటు టాంగోకు ఆడామగా బొమ్మ స్థిరపడింది. 1921లో ‘ది ఫోర్ హార్స్‌మెన్ ఆఫ్ ది అపోకలిప్స్’లో వాలెంటినో ఆడిన టాంగో ప్రపంచమంతా ఆ బొమ్మను అచ్చుగుద్దింది. 1933లో అర్జెంటీనా తొలి టాకీల్లో ఒకటైన ‘టాంగో!’లో నాట్యకారుడు ఎల్ కాచఫాజ్, కార్మెన్సితా కాల్దెరోన్‌తో ఆడాడు. ఇవి గొప్ప నాట్యాలే, వాటిని తక్కువ చెయ్యను. వాటి వెలుగులో వీధి మూలలోని టోపీలవాళ్ళు కనబడకుండా పోయారన్నదే నా బాధ.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2001లో జర్మనీలోని హాంబర్గ్‌లో, ఆడామగా తేడా లేకుండా ఎవరు ఎవరితోనైనా ఆడే ‘క్వీర్ టాంగో’ ఉత్సవం మొదలైంది. ఆ తర్వాత బ్యూనస్ ఎయిర్స్‌లో ‘లా మార్షల్’ మిలోంగా వచ్చింది. 2010లో అర్జెంటీనా స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇచ్చింది, లాటిన్ అమెరికాలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. 2013లో బ్యూనస్ ఎయిర్స్ ప్రపంచ టాంగో పోటీల్లో మగజంటలకూ ఆడజంటలకూ ప్రవేశం దొరికింది. ప్రేమతో సంబంధం లేని జంటలూ ఉన్నాయి. మకానా సోదరులని పేరుపడిన ఎన్రికె, గియెర్మో దె ఫాజియో సొంత అన్నదమ్ములు. కుస్తీ పట్టినట్టే, ఆడుకున్నట్టే టాంగో ఆడి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు.

క్వీర్ టాంగో తరగతుల్లో నడిపించడం, వెంబడించడం రెండూ అందరికీ నేర్పుతారు. ఒకే పాటలో మధ్యలో ఆ బాధ్యత చేతులు మారవచ్చు, ఎవరు ఎవరికి ఎప్పుడు అప్పగిస్తారన్నది వాళ్ళిద్దరి మధ్యే తేలుతుంది. దీన్ని కొందరు కొత్త పోకడ అంటారు. మగపిల్లల వరకూ ఇది 1940ల ప్రాక్టికాల్లో ఉన్న పద్ధతే. అప్పుడు అమ్మాయిలకు ఆ క్లబ్బుల గడప దాటే వీలు లేదు. వెంబడించడం ఒక్కటే వాళ్ళకు దక్కింది, నడిపించడం ఎలా ఉంటుందో చాలామందికి తెలియకుండానే జీవితాలు గడిచిపోయాయి. ఇవాళ బ్యూనస్ ఎయిర్స్‌లో నడిపించే ఆడవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకునే మగవాళ్ళున్నారు.